ఐదు పెట్టెలకు మారుగా ఒక పెట్టె

ధ్యానభాగములు: 1 సమూయేలు 17:38–51, 1 కొరింథీయులకు 14:7–15



ఆరాధనలో వాడు వస్తువును మార్చవలసి వచ్చినప్పుడు సంఘము దేనిని చూచి తీర్మానము చేసికొనవలెను? క్రొత్తది గనుక వద్దనవలెనా? క్రొత్తది గనుకనే తెచ్చుకొనవలెనా? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడును. అయినను పల్లె సంఘములలో పెద్ద కలహములు పుట్టునది తరచుగా ఇట్టి చిన్న వస్తువుల యొద్దనే. సిద్ధాంతమును గూర్చి ఎన్నడును వాదులాడనివారు, మైకు ఎవరి చేతిలో నుండవలెను, చాప ఎక్కడ పరచవలెను అను సంగతులలో నెలల తరబడి ఒకరితో ఒకరు పలుకక యుందురు. కావున ఈ నెల మేము అట్టి వస్తువు నొకదానిని తీసికొని మీతో కలిసి ఆలోచింపగోరుచున్నాము.

నారాయణఖేడ్ ప్రాంతపు సంఘములలో మునుపు పాటకు తోడుగా నుండినవి హార్మోనియము, ఢోలకు, కంజిర, తాళములు. ఇప్పుడు అనేక స్థలములలో కీబోర్డు, ఆక్టోప్యాడు, బేసు గిటారు వచ్చిచేరినవి. బేసు గిటారు అనగా నాలుగు లావుపాటి తీగెలు గల గిటారు. పాటకు అడుగు స్వరము పట్టునది. దానిని వాయించు పడుచువాని కాళ్లయొద్ద ఒక పలక యుండును. ఆ పలకమీద వరుసగా నాలుగైదు ఇనుప డబ్బాలు. వీటిని పెడళ్లు అందురు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క పని. ఒకటి హెచ్చుతగ్గులుగా వచ్చు నాదమును సమము చేయును. ఒకటి నాదమునకు కొంచెము గరుకుదనము చేర్చును. ఒకటి ఒక్కడు వాయించినదానిని ఇద్దరు ముగ్గురు కలిసి వాయించినట్లు వినిపించును. ఒకటి స్వరమునకు క్రింది స్థాయిని జతచేయును. ఒకటి లావు శబ్దమును సన్న శబ్దమును కావలసినట్లు హెచ్చించి తగ్గించును. ఈ అన్నిటి పనిని తానే చేయు యంత్రమొకటి ఇప్పుడు దొరకుచున్నది. దానిని డిజిటల్ మల్టీ ఎఫెక్ట్స్ యూనిట్ అందురు. ఐదింటిని తీసివేసి ఆ ఒకటి కొందమని పడుచువారు అడుగుదురు, పెద్దలు వద్దందురు.

ఆ మాటలు మన ప్రాంతములో ఈలాగు నడుచును. ఆరాధన ముగిసిన తరువాత సంఘపెద్ద అడుగును: “బిడ్డా, ఉన్న డబ్బాలు మంచిగనే మోగుతున్నయి గదా. వాటికేమొచ్చింది?”

“పెద్దయ్యా, తీగె జర కదిలితే చాలు, పాట నడుమ ఆవాజు పోతున్నది. ఈ ఒక్కదాంట్ల అన్నీ ఉన్నయి.”

“అన్నీ ఉన్నయంటవు. అవి అసలువా, నకలువా?”

ఈ కడపటి ప్రశ్నకు పడుచువాడు జవాబు చెప్పక ఊరకుండును. పెద్ద తాను గెలిచితిననుకొనును. వచ్చు ఆదివారము ఆ పడుచువాడు గిటారు తేడు. ఆ తరువాతి ఆదివారము తానును రాడు. వస్తువును గూర్చి మొదలైన మాట ఈలాగు ఒక ఆత్మను గూర్చిన మాట యగును. కావున దీనిని నవ్వి విడిచిపెట్టరాదు.

పడుచువాడు చెప్పిన కష్టము నిజమే. ఐదు డబ్బాలను వరుసగా కలిపినయెడల గిటారునుండి యాంప్లిఫయరు వరకు ఆరు తీగెలు కావలెను. ఆరు తీగెలకు పండ్రెండు కొనలు. ఆ పండ్రెండింటిలో ఏ యొక్కటి వదులైనను వాద్యము మూగబోవును. డబ్బా డబ్బాకును కరెంటు వేరుగా అందవలెను. తండాలో సాయంకాల కూడికకు మోటారుసైకిలుమీద వెళ్లువానికి ఆ పలక, ఆ తీగెలు, ఆ అడాప్టర్లు మోయలేని మూటయగును. అయితే పెద్ద పక్షమున చెప్పవలసిన మాటయు కలదు. ఐదింటిలో ఒకటి చెడినయెడల దానిని తప్పించి తీగె కలుపుకొని పాట సాగింపవచ్చును. ఒకే యంత్రము చెడినయెడల అన్నియు ఒక్కసారే పోవును. పాత డబ్బాలో తీగె ఊడినయెడల బజారులో రేడియోలు బాగుచేయువాడు టంకము పెట్టి ఇయ్యగలడు. క్రొత్తదాని లోపలి చిప్పులకు అతని చెయ్యి పోదు. ఇవి లాభనష్టముల లెక్కలు. తెలిసినవారు కూర్చుండి చూచుకొనవచ్చును. మేము విచారింపగోరునవి వీటి వెనుకనున్న ప్రశ్నలు.

అనుకరణ అబద్ధమగునా?

పెద్ద అడిగిన ప్రశ్నను ముందుగా తీసికొందము; ఏలయనగా అబద్ధమును గూర్చిన ప్రశ్న క్రైస్తవునికి చిన్నది కాదు. పాత డబ్బాలలో అనేకమందు గిటారునుండి వచ్చు విద్యుత్తు అల అలగానే సాగి, మార్పు పొంది, బయటికి పోవును. డిజిటల్ యంత్రము ఆ అలను సెకనుకు 44,100 లేక 48,000 మారులు కొలిచి అంకెలుగా మార్చుకొనును. ఫలాని డబ్బా ఆ అలను ఏమి చేసియుండునో లెక్కకట్టి, ఆ ఫలితమును మరల అలగా మార్చి పంపును. ఇదంతయు సెకనులో కొన్ని వేయవవంతులలో ముగియును. ధ్వని గాలిలో ఒక మీటరు పోవుటకే సుమారు మూడు వేయవవంతులు పట్టును గనుక, ఆ ఆలస్యము వాయించువాడు స్పీకరునుండి ఒకటి రెండు మీటర్లు వెనుకకు జరిగి నిలిచినట్టిదే.

ఇది అనుకరణయే, కాదనము. అయితే పాత డబ్బాల సంగతి ఏమి? గరుకుదనము చేర్చు డబ్బాయు, వాల్వులు గల పాత యాంప్లిఫయరును మితిమించి హెచ్చించినప్పుడు పుట్టు ధ్వనిని పోలినదానిని ఇచ్చుటకే చేయబడినది. జపాను దేశపు బాస్ కంపెనీ అట్టి డబ్బాను 1977లో అమ్మకమునకు తెచ్చెను. ముగ్గురు వాయించినట్లు వినిపించు డబ్బా లేని ఇద్దరిని ఉన్నట్లు వినిపించుచున్నది. బేసు గిటారే మనిషియెత్తు గల డబుల్ బేసు అను వాద్యమునకు బదులుగా వచ్చినది. అమెరికాలో లియో ఫెండరు 1951లో దానిని అమ్మకమునకు పెట్టెను. ఈలాగు త్రవ్వుకొనుచు పోయినయెడల నకలు కానిది మనుష్యుని గొంతు ఒక్కటే మిగులును.

అబద్ధము వస్తువులో లేదు. మోసగించు తలంపులో నున్నది. అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయములో అననీయ పొలము అమ్మినందుకు గాని, కొంత సొమ్ము ఉంచుకొన్నందుకు గాని పేతురు అతని గద్దింపలేదు. కొంత ఇచ్చి అంతయు ఇచ్చినట్లు కనుపరచుకొనుటయే అతని పాపము. మైకులో మాటలాడు బోధకుడు తన గొంతు పెద్దదని ఎవరిని మోసగించుటలేదు. కాని రికార్డు చేసిన పాటను మ్రోగించి, దానికి పెదవులు కదుపుచు తామే పాడుచున్నట్లు నిలువబడినయెడల అది అననీయ పని. యంత్రములోనుండి వచ్చు నాదము ఏ డబ్బాను పోలియున్నను, తీగెను మీటిన వ్రేలు ఆ పడుచువానిదే. ఆ వ్రేలు ఉన్నంతవరకు దానిని అబద్ధమనుటకు మాకు ధైర్యము చాలదు.

పాతది పరిశుద్ధమగునా?

“మన హార్మోనియము మనకుండగా” అని పెద్దలు అందురు. హార్మోనియము మనది ఎప్పుడైనది? దానిని పారిసు పట్టణములో అలెగ్జాండర్ దెబాన్ అనువాడు 1840వ దశకపు ఆరంభమున రూపొందించెను. మన జనులు నేలమీద కూర్చుండి ఒక చేత తిత్తి ఊదుచు మరియొక చేత వాయించునట్లుగా కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 19వ శతాబ్దపు చివరి భాగములో దానిని మార్చెను. మన సంగీతము నెరిగినవారు అనేకులు దానిని అంగీకరింపలేదు. దాని మెట్ల స్వరములు కదలవనియు, స్వరమునుండి స్వరమునకు జారు గమకము దానిలో పలుకదనియు వారు చెప్పిరి. ఆ మాట సత్యమే. ఆలిండియా రేడియో 1940లో హార్మోనియమును తన కార్యక్రమములలో నిషేధించెను. 1971లో గాని ఆ నిషేధము సడలలేదు. అప్పుడును పూర్తిగా కాదు. ఆ దినములలో మన పల్లె మందిరములలో హార్మోనియముతో దేవుని స్తుతించుచుండినవారు, రేడియోలోనికి రానియ్యని వాద్యముతో స్తుతించుచుండిరి!

మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో అనేక కీర్తనలపైన రాగము పేరును తాళము పేరును అచ్చువేయబడియున్నవి. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) కీర్తనలు వ్రాయ నారంభించినప్పుడు చేతి హార్మోనియము ఇంకను పుట్టనేలేదు. ఆ కీర్తనలు దాని కంటె ముందునుండి ఉన్నవి; దానితో బ్రదికినవి; అది మూలబడినను బ్రదుకును.

మోషే ఇత్తడి సర్పమును చేసినది దేవుని ఆజ్ఞ చొప్పుననే. అనేకుల ప్రాణములు దానివలన దక్కినవి. అయినను జనులు దానికి ధూపము వేయ నారంభించినప్పుడు, హిజ్కియా రాజు దానిని పగులగొట్టి, అది ఇత్తడి తునక మాత్రమే యని పేరు పెట్టెను (2 రాజులు 18:4). దేవుడు వాడుకొనిన వస్తువైనను వస్తువే.

పడుచువారును ఈ భాగమునుండి తప్పించుకొనలేరు. క్రొత్తదైనంత మాత్రమున అది జీవము గలది కాదు. దావీదువలె వాద్యములను కల్పించుకొనుచు, తమ జనుల నాశనమును గూర్చి చింతపడనివారిని ఆమోసు ప్రవక్త గద్దించెను (ఆమోసు 6:5–6). యంత్రమునుగూర్చి గంటల తరబడి ఫోనులో చూచువాడు, పొరుగింటిలో జ్వరముతో పడియున్నవాని యొద్దకు ఒక గడియ పోలేకపోయినయెడల, ఆ ప్రవక్త మాట వానికే.

ఎవరి స్థానము పోవుచున్నది?

వస్తువును గూర్చి తీర్పు చెప్పకముందు ఆ వస్తువు చుట్టునున్న మనుష్యులను చూడవలెను. ఇందుకు దూరదేశపు సంగతి నొకదానిని చెప్పెదము.

ఇంగ్లాండు దేశపు పల్లె దేవాలయములలో 18వ శతాబ్దములోను 19వ శతాబ్దపు పూర్వభాగములోను ఆర్గను ఉండుట అరుదు. కూలివారు, తాపీపనివారు, చెప్పులు కుట్టువారు వెనుకటి మిద్దెమీద నిలువబడి ఫిడేలు, క్లారినెట్టు, బాసూను వాయించుచు పాటను నడిపెడివారు. అడుగు స్వరము పట్టుటకు బేస్ వయల్ అను పెద్ద వాద్యముండెడిది. డార్సెట్ ప్రాంతములోని స్టిన్స్‌ఫర్డ్ గ్రామ దేవాలయములో నవలారచయిత థామస్ హార్డీ యొక్క తాతయు తండ్రియు అట్లు వాయించినవారే. తాతది ఆ అడుగు స్వరపు వాద్యమే. తరువాత అనేక దేవాలయములలోనికి చేతితో త్రిప్పు ఆర్గను వచ్చినది. దాని లోపల మేకులు కొట్టిన కొయ్య దిమ్మె తిరుగును. ఒక దిమ్మెకు సాధారణముగా పది పాటల వరకు ఉండును. సంగీతము తెలియనివాడైనను పిడి త్రిప్పినయెడల చాలును. మరికొన్ని స్థలములలో హార్మోనియము వచ్చినది. హార్డీ 1872లో అచ్చువేసిన ‘అండర్ ది గ్రీన్‌వుడ్ ట్రీ’ అను నవల అట్టి వాద్యకారులు తమ స్థానమును పోగొట్టుకొనిన కథయే.

ఆర్గను శ్రుతి తప్పదు. ఆలస్యముగా రాదు. త్రాగి రాదు. కొందరు వాద్యకారులమీద ఆ ఫిర్యాదులన్నియు ఉండెను. కాని ఆర్గను వచ్చిన తరువాత ఆ కూలివారు దేవాలయములో చేయుటకు పని లేనివారైరి. పని లేనిచోట మనిషి కొన్నాళ్లు కూర్చుండును. తరువాత కూర్చుండుటయు మానును.

ఇప్పుడు మన డబ్బాల యొద్దకు రండి. ఐదు పెట్టెల స్థానములో ఒక పెట్టె వచ్చినయెడల స్థానము పోయినది ఎవరికి? పెట్టెలకే. పెట్టె దుఃఖపడదు. వాయించువాడు వాయించుచునేయున్నాడు. కాని ఇదే దారిలో ఇంకొక అడుగు కలదు. కీబోర్డులో ఒక బొత్తాము నొక్కినయెడల తాళము దానంతట అదే మ్రోగును. మరియొకటి నొక్కినయెడల అడుగు స్వరమును దానంతట అదే వచ్చును. అప్పుడు “ఢోలకు తాతయ్య రాకున్నను ఫరవాలేదు” అని ఎవరో మెల్లగా అందురు. ఆ మాట అనినప్పుడే గీటు దాటితిమి. పనిముట్టు స్థానములో పనిముట్టు రావచ్చును. సహోదరుని స్థానములో పనిముట్టు రాకూడదు. అవయవములలో ఒకటి మరియొకదానితో నీవు నాకక్కరలేదని చెప్పరాదని పౌలు బోధించెను గదా (1 కొరింథీ 12:21). ఢోలకు తాళము ఒకప్పుడు తప్పవచ్చును. తప్పిన తాళమును సంఘము సహించగలదు. తప్పించబడిన తాతయ్యను సహించుట సంఘమునకు తగదు.

సౌలు కవచము, దావీదు రాళ్లు

1 సమూయేలు 17వ అధ్యాయములో సౌలు దావీదునకు తన కవచమును తొడిగించెను. దావీదు నడువజూచి, వాటిని తాను పరీక్షించి యెరుగననిచెప్పి తీసివేసెను. కొందరు దీనిని చదివి, పాతది మంచిది, క్రొత్తది చెడ్డది అని బోధింతురు. దావీదు అట్లనలేదు. అదే దినమున గొల్యాతు కత్తినే దూసి వాని తల నరికెను. తరువాత 21వ అధ్యాయములో నోబు యొద్ద ఆ కత్తినే అడిగి పుచ్చుకొనెను. కవచమును వద్దనుటకు కారణము అది ఇంకను తన చేతికి అలవాటు కాలేదనుటయే. కావున ఈ యంత్రమును కొనకముందు ఎవరి యొద్దనైన అడిగి తెచ్చి, రెండు మూడు ఆదివారములు మన మందిరములోనే, మన పాటలకే వాయించి చూడవలెను. పట్టణపు దుకాణములో విన్న ధ్వని రేకుల కప్పు క్రింద అట్లే వినబడదు.

దావీదు ఏటిలోనుండి ఏరుకొనినవి ఐదు రాళ్లు, వాడినది ఒక్కటి. ఆ యంత్రములో ఇట్టి రాళ్లు వందకు మించి యుండును. ముందుగానే సిద్ధపరచి పెట్టిన నాదములను ప్రీసెట్లు అందురు. ఐదు డబ్బాలు గలవాడు ఐదింటి స్వభావమును ఎరిగి, ఏ పాటకు ఏది అని చెవితో నేర్చుకొనెను. వంద గలవాడు పాట పాటకు బొత్తాము త్రిప్పుచు, ఒకదానితోను స్నేహము చేసికొనక పోవచ్చును. సమృద్ధిలోని శోధన ఇదియే: అన్నియు కలవు గనుక ఏదియు మనది కాదు.

బేసు గిటారు లావు తీగె సెకనుకు సుమారు 41 మారులు కంపించును. మన మందిరములలోని చిన్న స్పీకర్లు అంత క్రింది స్వరమును సరిగా పలుకలేవు. దానిని బలవంతముగా హెచ్చించినయెడల రేకులు గడగడలాడును. పాట మాటలు వినబడవు. పిల్లనగ్రోవియైనను వీణయైనను స్వరములలో భేదము తెలియనియెడల ఊదినది ఏదో, మీటినది ఏదో ఎట్లు తెలియునని పౌలు అడుగుచున్నాడు. అరణ్యములో ఇశ్రాయేలు జనమంతటిని కదలించుటకు రెండు వెండి బూరలు చాలినవి (సంఖ్యాకాండము 10). ఏ ధ్వనికి ఏ అర్థమో ప్రతివాడు ఎరిగియుండెను. కావున వాయించువానికి మా మాట ఇది: రెండో మూడో నాదములను ఏర్పరచుకొని, మిగిలినవాటిని మూసియుంచుము. వెనుక వరుసలో కూర్చున్న చదువురాని అవ్వ కీర్తన మాటలను విని తానును పాడగలుగుచున్నదా? నీ వాద్యమునకు పరీక్ష అదే.

కొనునది ఎవరి సొమ్ము?

కడపటి ప్రశ్న సొమ్మును గూర్చినది. పడుచువాడు తన కూలి సొమ్ముతో కొనుకొనినయెడల ఎవరును అడ్డుపడనక్కరలేదు. అప్పు చేసి కొనవద్దని తండ్రివలె చెప్పుడి, అంతే. సంఘపు సొమ్ముతో కొననైయున్నయెడల, ఆ సొమ్ము ఎక్కడిదో జ్ఞాపకము చేసికొనవలెను. అది ఎండలో పత్తి యేరిన చేతులది. కందులు అమ్మి కోతపండుగకు తెచ్చినది. వండకముందు పిడికెడు పిడికెడుగా తీసియుంచిన బియ్యముది. కానుకపెట్టె యెదుట కూర్చుండి ఎవరు ఎంత వేయుచున్నారో చూచిన ప్రభువు (మార్కు 12:41) ఇప్పుడును చూచుచున్నాడు. ఎంత వేసిరో మాత్రమే కాదు, వేసినదానిని మనము ఏమి చేసితిమో కూడ. అందువలన పడుచువారు లెక్కను కాగితముమీద వ్రాసి సంఘము ఎదుట చదువవలెను: పాత డబ్బాలకు ఎంత వచ్చును, క్రొత్తదానికి ఎంత పోవును, చెడినయెడల బాగుచేయించునది ఎక్కడ. లెక్క చూచుకొనక గోపురము కట్ట మొదలుపెట్టినవానిని ప్రభువే ఉపమానముగా చెప్పెను (లూకా 14:28).

అమ్మినయెడల పాత డబ్బాలకు వచ్చునది కొంచెమే. కావున మా యాలోచన ఏమనగా, ఒకటి రెండింటిని దగ్గరనుంచుకొనుడి; క్రొత్త యంత్రము మూగబోయిన దినమున అవి అక్కరకు వచ్చును. మిగిలినవాటిని తండాలో ఇప్పుడే నేర్చుకొనుచున్న చిన్నవానికి ఇచ్చి, వాడుటను నేర్పుడి. అన్నియు చెడినను, గిటారునుండి యాంప్లిఫయరుకు తిన్నగా కలుపు ఒక పొడుగు తీగె సంచిలో ఉండనియ్యుడి. కరెంటే పోయిన దినమున చప్పట్లు ఉన్నవి, గొంతులు ఉన్నవి. వాటిని ఎవరును కొనలేదు; ఎవరును మార్చలేరు.

పెద్దలారా, పడుచువాడు క్రొత్తది అడిగినప్పుడు వాని లోకాశను మాత్రమే చూడకుడి. దేవుని యెదుట మంచిగా వాయింపవలెనను ఆశయు దానిలో నుండవచ్చును. నకలా అసలా అని అడుగుటకు ముందు, “బిడ్డా, ఒకసారి వినిపించు” అనుడి. పడుచువారలారా, పెద్ద వద్దనినప్పుడు వాని అజ్ఞానమును మాత్రమే చూడకుడి. రూపాయి రూపాయిగా మందిరము కట్టిన చేతుల భయము అది. జవాబు తెలియకపోయినను వాద్యమును ఇంటికి తీసికొనిపోకుడి. క్రొత్తవాటిని పాతవాటిని తన ధననిధిలోనుండి వెలికి తెచ్చు ఇంటి యజమానుని ప్రభువు మెచ్చుకొనెను (మత్తయి 13:52). ఆ యజమాని యింటిలో రెండింటికిని చోటు కలదు; రెండింటిని ఎరిగిన మనుష్యులకును చోటు కలదు.

ప్రార్థింతము: ప్రభువా, మా చేతి పనిముట్లను మాకంటె పెద్దవి కానియ్యకుము. పాతదానిని ప్రేమించువారికిని క్రొత్తదానిని కోరువారికిని ఒకరి మాట ఒకరు వినగల చెవులనిమ్ము. మా వాద్యముల నడుమ నీ బీదల గొంతు వినబడునట్లు చేయుము. ఆమేన్.